రెండో కొలత

మా దుకాణంలో బడిపిల్లల యూనిఫాంలు అమ్ముతాం. అబిడ్స్ పెద్ద రోడ్డు మీద కాదు, పక్క సందులో. కుట్టుపని నాంపల్లిలో, స్టేషన్‌కు దగ్గరగా ఒక మేడమీద జరుగుతుంది. మా మామగారు పెట్టిన దుకాణాన్ని నా భర్త, మరిది కలిసి నడిపారు. ఇద్దరూ పోయాక మరిది కొడుకు చూసుకుంటున్నాడు. నాకు డెబ్బై నాలుగేళ్లు. ఇప్పటికీ రోజూ వచ్చి లోపలి బల్ల దగ్గర కూర్చుంటాను. ప్రతి చీటీ మీద తేదీ వేసి బిల్లు రాయడం, సాయంత్రం కూడికలు సరిచూడడం నా పని. మొన్నటిదాకా ఇంకో పని కూడా ఉండేది. కౌంటర్‌లో ఉండే ఆమె పిల్లవాడి కొలతలు తీసి, చీటీ రాసి, పిల్లవాడిని నా దగ్గరకు పంపేది. నేను నా టేపుతో మళ్లీ కొలిచి చీటీ మీద సంతకం పెట్టేదాన్ని. ఆ సంతకం లేనిదే నాంపల్లిలో కటింగ్ మాస్టరు బట్ట మీద కత్తెర పెట్టడు. దీని గురించే రాస్తున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఈ వేసవిలో, బడులు తెరవకముందే దుకాణాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలని మావాడు నిశ్చయించుకున్నాడు. హిమాయత్‌నగర్‌లోని ఒక చిన్న కంపెనీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. తనది బిజినెస్ అనలిస్ట్ ఉద్యోగమట. సాఫ్ట్‌వేర్ రాసేది వేరేవాళ్లు. ఏం రాయాలో మా నోటినుంచి రాబట్టి వాళ్లకు అందించేది ఈమె.

మొదటిరోజు నన్నూ, మావాడినీ, కౌంటర్ ఆమెనూ కూర్చోబెట్టి మాట్లాడించింది. గోడకు మూడు కాగితాలు అంటించింది. ఒకదాని మీద ‘ఉండి తీరాలి’ అని, రెండోదాని మీద ‘ఉంటే మంచిది’ అని, మూడోదాని మీద ‘లేకున్నా నడుస్తుంది’ అని రాసింది. మేం చెప్పిన ప్రతి అవసరాన్నీ ఒక పసుపు చీటీ మీద రాసి, అది ఎక్కడ అంటించాలో మమ్మల్నే అడిగింది. తేదీ, ఉండి తీరాలి. సంతకం, ఉండి తీరాలి. రెండో కొలత, ఉండి తీరాలి. మొదటి కాగితం నిండిపోయింది.

“అన్నీ ఉండి తీరాలంటే ముందు ఏది కట్టాలో వాళ్లకు తెలియదండీ,” అంది ఆ అమ్మాయి. వాళ్లది కోస్తా వైపు కుటుంబం. మాట మాటకూ అండీ అనేది.

కౌంటర్ ఆమె నవ్వింది. “మా అమ్మ సంగతి నీకు తెల్వదు. ఆమె లెక్కల లేకున్నా నడిచేది నేనొక్కదాన్నే. ఒక చీటీ మీద నా పేరు రాసి గాడ అంటియ్యి.”

“నీకు చీటీ సరిపోతదా, చార్టు కావాలె,” అన్నాడు మావాడు. ఆమె కాస్త బొద్దుగా ఉంటుంది. అందరం నవ్వాం. పదకొండేళ్లుగా మా దగ్గర పనిచేస్తున్న మనిషి. నన్ను అమ్మా అంటుంది, మావాడు ఆమెను అక్కా అంటాడు.

రెండో కొలత దగ్గర ఆ అమ్మాయి ఆగింది. అదెందుకని అడిగింది. తప్పు జరగకుండా అన్నాను. తప్పు ఎందుకు జరుగుతుందని అడిగింది. వెనకటికి ఒకసారి ఒక బడి చొక్కాలన్నీ పొట్టిగా కత్తిరించారని, నేను కొలిచి పట్టుకోకపోతే పరువు పోయేదని చెప్పాను. ఆ తర్వాత ఎన్నిసార్లు పట్టుకున్నారని అడిగింది. నేను లెక్కలేని మనిషిని కాను. మా ఇంట్లో పాల ప్యాకెట్లకు కూడా లెక్క ఉంటుంది. కానీ దీనికి లెక్క ఎప్పుడూ పెట్టలేదు.

“శానాసార్లు,” అన్నాను.

ఆమె అది రాసుకుంది. రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చి, ఈసారి ఏమీ అడగకుండా ఫ్యాను కింద స్టూలు వేసుకుని కూర్చుంది. మనుషులు చెప్పేది ఒకటి, చేసేది ఇంకొకటి ఉంటుందట. అబద్ధమాడి కాదు, అలవాటైన పని మనసులో కనబడక. అందుకే చూసి కూడా రాసుకుంటారట. కోఠి నుంచి, లక్డీకాపూల్ నుంచి వచ్చిన తల్లులు పిల్లల్ని నిలబెట్టారు. కౌంటర్ ఆమె కొలిచింది, చీటీ నాకిచ్చింది, నేను కొలిచాను, సంతకం పెట్టాను. సాయంత్రం వెళ్లబోతూ ఆ అమ్మాయి నన్ను అడిగింది.

“రెండో కొలత తీసేముందు మొదటి కొలత ఎంతో మీకు కనబడాలా అండీ, కనబడకూడదా?”

“కనబడొద్దు,” అన్నాను. “ముందే తెలిస్తే అది సరిచూసుడు ఎట్లయితది? ఆమెది ఆమె ఎక్కించాలె, నాది నేను ఎక్కించాలె. కలవకుంటే బిల్లు ఆగాలె.”

బల్ల తుడుస్తున్న కౌంటర్ ఆమె చేయి ఆగింది. “గట్ల వద్దులే అమ్మా. ఇప్పుడు నడుస్తున్నట్టే నడవనియ్యి.”

“ఎందుకు? నీ తప్పులు బయటపడతయని భయమా?”

ఆమె గుడ్డ దులిపి లోపలికి వెళ్లింది. ఆ అమ్మాయి నావైపు చూసి, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. కనబడొద్దన్న ఆ మాట ఎంత గర్వంగా అన్నానో నాకు గుర్తుంది.

వారం తిరగకుండానే నమూనా పట్టుకొచ్చింది. అసలు సాఫ్ట్‌వేర్ కాదు. అది తయారయ్యాక మార్చాలంటే ఖర్చు ఎక్కువ కాబట్టి, ముందు పైపైన చేసి చూపిస్తారట. కౌంటర్‌లో ఒక ట్యాబ్, నా బల్ల మీద ఒక ట్యాబ్ పెట్టింది. చీటీలు లేవు. అంకెలు వేలెడంత పెద్దవి. ఎక్కడ నొక్కాలో నాకు రెండుసార్లు చూపించింది.

మొదట ఒక ఐదో తరగతి అమ్మాయి వచ్చింది. టేపు ఛాతీ చుట్టూ తిప్పి చూశాను. ఇరవై ఎనిమిది. నొక్కాను. తెర ఎర్రగా అయింది, బిల్లు ఆగింది. కౌంటర్ ఆమె అంతకుముందే ఇరవై ఆరు ఎక్కించింది.

“ఏందక్కా, రెండించుల తేడా?” అన్నాడు మావాడు, చెవి దగ్గర ఫోను దించకుండానే.

టేపు ఇంకా నా వేళ్ల మధ్యే ఉంది. పట్టుకున్న చోటు వదలకుండా వీధి వెలుతురు వైపు తిప్పి, కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నాను. ఇరవై ఆరు. ఆరుకు పైన ముడి పడ్డట్టు మసకగా ఉంది, ఎనిమిదిలా ఉంది, కానీ ఆరే. కౌంటర్ ఆమె నన్నే చూస్తోంది. నేను టేపు చుట్టేశాను.

“నేనే తప్పు కొలిచిన్నేమో,” అంది ఆమె. “జర పిల్ల కదిలింది.”

“పెద్దమ్మ కొలతే ఖాయం చెయ్యి,” అన్నాడు మావాడు. మధ్యాహ్నానికి ఇంకో మూడుసార్లు తెర ఎర్రబడింది. ప్రతిసారీ నేను చెప్పిందే నిలిచింది. సాయంత్రం షట్టరు దించేముందు మావాడు ఆమెతో, “అక్కా, ఏమనుకోకు. సీజన్ల గిట్లయితే ఆగమైతం. రేపటి నుంచి నువ్వు నాంపల్లిల ప్యాకింగ్ చూసుకో, కౌంటర్‌కు ఇంకొకరిని చూస్త,” అన్నాడు. జీతం తగ్గించనని కూడా చెప్పాడు. ఆమె సరేనంది. చెప్పుల కోసం వంగినప్పుడు ముఖం కనబడలేదు. నేను అక్కడే ఉన్నాను, కూడిక వేస్తున్నట్టు తల వంచుకుని.

మర్నాడు నేను అబిడ్స్‌లో దిగలేదు. ఆటోను నాంపల్లికే పోనిచ్చి, రెయిలింగ్ పట్టుకుని మేడమీదకెక్కాను. ఆమె చొక్కాలు మడతపెట్టి కవర్లలో వేస్తోంది. మాస్టరు నన్ను చూసి కుట్టుమిషన్ దగ్గరి స్టూలు ఖాళీచేసి, ఛాయ్ చెప్పొస్తానని కిందికి వెళ్లాడు.

“నాకు టేపు కనబడతలేదని నీకు ఎరుకేనా?” అని అడిగాను.

“ఔ.”

“ఎప్పటిసంది?”

“పోయిన సీజన్‌సంది. చీటీ మీద అంకెలు లావుగా రాస్తలేనా మరి? మునుపు గంత లావు రాసేదాన్నా?”

నేను చూశాను ఆ అంకెలు. ఈమె రాత పాడవుతోందని, కాగితం వృథా చేస్తోందని ఒకసారి విసుక్కున్నాను కూడా. చీటీ చూసి టేపు చూస్తే టేపు మీద కూడా అదే అంకె ఉన్నట్టు కనబడేది. కొలుస్తున్నానని నేను నిజంగానే అనుకున్నాను. కొంత అనుమానం ఉండేదనుకుంటాను. ఉన్నా, చీటీ చేతిలో ఉన్నంతసేపు దాన్ని పట్టించుకోవాల్సిన అవసరం పడలేదు.

“నిన్న ఎందుకు చెప్పలేదే?”

“ఏం చెప్పాలె? గా పిల్లగాండ్ల తల్లుల ముందట మా అమ్మకు కండ్లు కనబడవని చెప్పాల్నా?” కవరు అంటించింది. “నువ్వు చెప్తవనుకున్న. నిన్న నాలుగుసార్లు చూసిన నీ దిక్కు.”

అది కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఒక మాట తిరిగి అనగలిగేదాన్ని. మాస్టరు చెప్పిన ఛాయ్ వచ్చి చల్లారిపోయింది.

“లే,” అన్నాను. “దుకాణానికి పోదాం.”

“వాడు గీడ ఉండమన్నడు గదా.”

“వానితో నేను మాట్లాడత.”

మేం వెళ్లేసరికి ఆ అమ్మాయి సంతకం కోసం కాగితాలు తెచ్చింది. మా అవసరాలన్నీ వరసగా, ఒక్కోదానికి ఒక్కో అంకెతో ఉన్నాయి. దాని పక్కన అది ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు అన్నది ఉంటుంది. ఏది మార్చినా, తీసేసినా అక్కడే కారణం రాసిపెట్టాలట. రేపు ఇది ఎందుకు లేదని ఎవరైనా అడిగితే వెతుక్కోకుండా.

“రెండో కొలత తీసెయ్యి,” అన్నాను.

మావాడు తలెత్తాడు. “ఏంది పెద్దమ్మా? నిన్న గన్ని తప్పులు దొరికినయ్ గదా.”

ఆ అమ్మాయి ఆశ్చర్యపోకుండా పెన్ను తీసింది. స్టూలు మీద కూర్చున్న రోజే నా చూపు సంగతి ఆమె కనిపెట్టిందని అప్పుడు నాకు అర్థమైంది. “కారణం ఏం రాయమంటారండీ? కస్టమర్లకు ఆలస్యం అవుతోంది కాబట్టి అని రాయనా?”

నా మర్యాద కోసం అడుగుతోంది. ఔను అంటే సరిపోయేది. ఆ మాట అబద్ధం కూడా కాదు.

“కాదు,” అన్నాను. “నాకు టేపు మీద అంకెలు కనబడవని రాయి. నిన్నటి తేడాలన్నీ నావి. ఆమె కొలతలు సరిగ్గనే ఉన్నయని కూడా రాయి.”

మావాడు ఒకసారి నన్ను, ఒకసారి ఆమెను చూసి, ఫోను తీసి నాంపల్లికి చేశాడు. నిన్నటి నాలుగూ కత్తెర పెట్టొద్దని చెప్పాడు. ఒకటి అప్పటికే కత్తిరించేశారట. ఆ ఐదో తరగతి అమ్మాయిది.

“పర్వాలేదు, వదులైతే పై ఏడు సరిపోతది,” అంది కౌంటర్ ఆమె.

“తప్పు కొలిచి, వచ్చే ఏడుకు సరిపోతదంటే ఎట్ల?” అన్నాను. “ఖర్చు నా పేరు మీద రాసి మళ్లీ కుట్టియ్యి.”

“ఇగ షురూ అయ్యింది,” అని ఆమె నవ్వింది. ఆ నవ్వుకు నేను తగనని తెలుసు. “ఆదివారం కంటి దవాఖానకు పోదాం. నేనొస్త.”

మావాడు ఆమెకు క్షమించమని చెప్పలేదు. ఆమె సంచి తీసుకెళ్లి కౌంటర్ లోపల ఎప్పుడూ పెట్టే మేకుకు తగిలించి వచ్చాడు. నేను నా టేపు తీసి ఆమెకిచ్చాను. ఆమె దగ్గర ఒకటి ఉంది. అయినా తీసుకుంది.

కాసేపటికి ఒక తల్లి ఇద్దరు పిల్లలతో వచ్చింది. అసలు సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా మళ్లీ చీటీలే కాబట్టి, కౌంటర్ ఆమె కొలిచి చీటీ నా బల్ల మీద పెట్టింది. బిల్లు నేనే రాయాలి. ఈసారి అంకెలు మామూలుగా రాసింది, మునుపటంత చిన్నవి. చీటీని దూరంగా పట్టుకుని చూశాను, దగ్గరగా తెచ్చుకుని చూశాను. ఆ తల్లి నా ఎదురుగానే నిలబడి ఉంది.

“నడుము ఎంత రాసినవ్?” అని కౌంటర్ వైపు తిరిగి గట్టిగా అడిగాను.

“ఇరవై మూడున్నర, అమ్మా,” అంది.