ఎడమకు తిరిగిన సింహం

తోంగ్ షియుచిన్ వాళ్ళ నాన్న కంచరి. బీజింగ్ దక్షిణం వైపు, రాగి మీద సుత్తి మోతతోనే తెల్లవారే సందులో వాళ్ళ కొట్టు. తలుపులకు బిగించే సింహం ముఖాలు, నోట కడియం కరిచిన మృగాల తలలు, ధూపపు పాత్ర మూత మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునే ఇత్తడి జింకలు ఆయన చేతి పని. ఆయనకు పని మీద ఎంత ఓపికో కూతురి ఎడమచేతి మీద అంత కోపం. అన్నం దగ్గర ఆ చెయ్యి ముందుకొస్తే వేళ్ళ మీద ఒకటి పడేది. బడిలో కుంచె కుడిచేత్తోనే పట్టించారు. ఆమె పట్టింది. కానీ పదునున్న వస్తువు ఏదైనా సరే, ఆమెకు తెలియకుండానే ఎడమచేతిలోకి వెళ్ళిపోయేది.

ఊళ్ళోని చిన్న చిన్న కొట్లన్నీ కలిపి సహకార సంఘాలు చేసిన కాలంలో ఆమె మా లక్కపెట్టెల సంఘంలో పనికి చేరింది. నేను పూత గదిలో ఉండేదాన్ని. రాగి పెట్టె మీద, చెట్టు పాల నుంచి తీసిన ఎర్ర లక్క పలచగా పూసి, తడిగా ఉంచిన గదిలో గట్టిపడనిచ్చి, మళ్ళీ పూసి, నెలల తరబడి ఆ మందం పెంచడం మా పని. ఆ మందంలోకి పువ్వులూ మృగాలూ తొలచడం చెక్కేవాళ్ళ పని. చెక్కే గదికి పెద్ద, వన్ గురువుగారు. ఆయన తర్వాత అంతటి చెయ్యి లూ చాంగ్‌మింగ్‌ది. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకునేవాడు కూడా అతనే.

మొదటిరోజు కత్తి ఆమె ఎడమచేతిలో చూసి గురువుగారు అన్నారు: "ఇవన్నీ కుడిచేతికి సాన పట్టినవమ్మాయ్. నీ చేతిలో గీకుతాయే గాని కొయ్యవు."

"నావి నేను పట్టుకుంటాను గురువుగారూ."

పక్క బల్ల నుంచి లూ అందుకున్నాడు. "పుర్రచేత్తో చెక్కితే సింహం వెనక్కి నడుస్తుందేమో చూసుకో."

"నడిస్తే నీ బల్ల వైపుకే వస్తుందన్నా, కాస్త జరిగి కూర్చో."

గదంతా నవ్వింది. లూ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

పచ్చి లక్క కొందరి ఒంటికి పడదు. ఆమెకు ముఖం, మెడ దద్దుర్లు లేచి కళ్ళు మూసుకుపోయాయి. నేను ఉల్లికాడలు నూరి పసరు రాసేదాన్ని. "మానేయవే షియుచిన్, బట్టల మిల్లులో పిలుస్తున్నారుగా" అంటే, "ముఖానికేం, చేతులు బాగానే ఉన్నాయిగా" అనేది. వాపు తగ్గాక మళ్ళీ సానరాయి ముందు కూర్చునేది. తన కత్తులన్నిటికీ అంచు రెండో వైపుకి మార్చేసింది.

కొన్నేళ్ళకు ఒక ప్రదర్శనశాల వాళ్ళు పాత పెట్టె ఒకటి తెచ్చారు. వందల ఏళ్ళ నాటిది, గుండ్రటిది. మూత మీద పట్టుబంతితో ఆడుతున్న సింహం, తల కుడికి తిప్పి ఉంది. దీనికి జోడు ఉండేదట, దాని సింహం ఎడమకు చూసేదట. యుద్ధపు రోజుల్లో అది పోయింది. ఆ జోడు మళ్ళీ చెయ్యాలి.

రాగి పెట్టెను షియుచిన్ నాన్న కొట్టి ఇచ్చాడు. మేము దాదాపు ఏడాది పొడుగునా పూశాం. చెక్కడం సహజంగానే లూకి వచ్చింది. అతను ముందు ఒక పలక మీద చెక్కి చూసుకున్నాడు. నిజం చెప్పాలి, బ్రహ్మాండమైన సింహం. కానీ పాతదాని పక్కన పెడితే ఏదో తేడా. పాత సింహం జూలులో ఒక్కొక్క పాయ ఒకే విసురులో, కత్తి ఒక పక్కకు వాల్చి కోసినది. జోడుకు ఆ వాలు అటునుంచి ఇటు తిరగాలి. పెట్టెను ఎటు తిప్పుకున్నా కుడిచేతికి ఆ విసురు రాదు. లూ ఇంకో పలక చెక్కాడు. అదీ అంతే.

మర్నాడు అందరూ నువ్వుల రొట్టెలు తింటున్న వేళ అతను లేచి పలక తెచ్చి గురువుగారి ముందు పెట్టాడు.

"ఇది నా చేతికి వచ్చే పని కాదు గురువుగారూ. దాని చేతికి ఇవ్వండి."

"ఎవరికి?"

"తెలియనట్టు అడుగుతారేంటి. ఆ పుర్రచేతి పిల్లకి."

షియుచిన్ నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది.

ఆ శరత్తులో ఉత్తరపు పొడిగాలి ముందే మొదలైంది. ఆ గాలికి లక్క ఎండిపోతే కత్తి కింద పెచ్చులు లేస్తుంది. మేము తడి బొంతలు కిటికీలకు కట్టాం. లూ తన పని పక్కన పెట్టి ఆ బొంతలు మళ్ళీ మళ్ళీ తడిపి పిండి కట్టాడు. ఆమె పంజాలు చెక్కింది, బంతి మీది రిబ్బన్లు చెక్కింది, జూలు దగ్గరికి వచ్చింది. అప్పుడే వాళ్ళ నాన్న మూత అంచుకు రాగి పట్టీ సరిపోతుందో లేదో చూడటానికి వచ్చాడు. కూతురు పనిచేస్తుంటే ఆయన చూడటం అదే మొదలు. ఎడమచెయ్యి విసురుగా వంపు తిరిగి, ఎర్రటి లక్క చుట్ట ఒకటి లేచి బల్ల మీద పడింది. ఆయన్ని చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఆపకు" అన్నాడాయన. "అలాగే కానియ్."

పట్టీ సంగతి మరిచిపోయి చాలాసేపు నిలబడ్డాడు. ఆ సాయంత్రం నుంచి టీకొట్లో ఆయన నోటికి తాళం లేదు. "మా అమ్మాయిది పుర్రచెయ్యి. మీ ఇళ్ళల్లో ఉందా ఒక్కరికైనా?" అని కనబడినవాడినల్లా అడిగేవాడట.

పని పూర్తయ్యాక రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టారు. పాతది ముదురు ఎరుపు, కొత్తది నిప్పులాంటి ఎరుపు. ఆ తేడా తప్పిస్తే, ఒకే బంతి కోసం రెండు సింహాలు ఒకదాన్నొకటి కవ్విస్తున్నట్టే ఉంది. వన్ గురువుగారు జూలు మీద వేలు నడిపించారు. తర్వాత పెట్టె బోర్లించి అడుగున ఖాళీ చూపించారు.

"నీ పేరు చెక్కు."

ఆమె కత్తిని కుడిచేతిలోకి మార్చుకుంది. అక్షరాలంటే ఆ చేత్తోనేగా నేర్పింది.

"సింహాన్ని ఏ చేత్తో చెక్కావో పేరూ ఆ చేత్తోనే."

చెక్కింది. "వంకరగా వచ్చింది గురువుగారూ" అంది.

"రానీ. సింహం తిన్నగానే ఉందిగా."

ఆ జోడు ప్రదర్శనకు పెట్టిన రోజు ఆ సందులోని కంచరులంతా సుత్తులు పక్కన పెట్టి, ఉతికిన చొక్కాలు తొడుక్కుని వరసగా వెళ్ళారు. అందరికంటే ముందు షియుచిన్ నాన్న. పెట్టెలు ఉంచిన అద్దాల బీరువా ముందు నిలబడ్డ కొత్తవాళ్ళకు కూడా పక్కకు జరిగి చోటిస్తూ, ఆ ఇంటి యజమాని తానే అన్నట్టు, "ఇటు వచ్చి చూడండి, వెలుతురు ఇటు బాగుంది" అన్నాడు.

తర్వాత షియుచిన్ చెక్కే గదికి పెద్ద అయింది. గురువు పక్కన కూర్చుని పని చూడటం మా దగ్గర మామూలు. ఆమె తన శిష్యులను పక్కన కూర్చోనిచ్చేది కాదు. ఎదురుగా కూర్చోబెట్టేది. ఆమె ఎడమచెయ్యి వాళ్ళకు అద్దంలో తమ కుడిచెయ్యిలా కనబడేది. అలా నేర్చుకున్నవాళ్ళ చెయ్యి త్వరగా కుదిరేదని లూ చాంగ్‌మింగే చెప్పేవాడు. చెప్పడమే కాదు, తన కూతుర్ని తెచ్చి ఆమె ఎదుట కూర్చోబెట్టాడు.