మూడు లైన్ల నడుమ నల్లా

ఒక్క బొట్టు నీళ్లు రాకముందే, ఒక నల్లా కోసం మూడు లైన్ల ఆడవాళ్లను ఏకం చేసిన ఘనుణ్ణి నేను. ఏకమై వచ్చింది నా మీదికే అనుకోండి! ఆ భాగోతం చెప్తాను, మొహమాటపడకుండా నవ్వండి.

డెబ్బయ్యో దశకం మొదట్లో గోదావరిఖనిలో, గని సర్వే సెక్షన్‌లో కొత్తగా చేరాను. గణితంలో డిగ్రీ పాసైన గర్వం ఎంతంటే, చాయ్ గ్లాసుకు వ్యాసార్థం కట్టకుండా చాయ్ తాగేవాణ్ణి కాదు. మా కార్మికుల క్వార్టర్ల వరసల్లో బడి లైను, గుడి లైను, గనినే బాయి అంటారు గనక గని దారిలోని బాయి లైను, మూడింటికీ కలిపి ఒకే నల్లా మంజూరైంది. "మా లైన్లనే పెట్టాలె" అని రోజూ కొట్లాట. ఇంజనీరు గారు విసిగిపోయారు.

"రేపు పొద్దుగాల గుంత తవ్వాలె. ఎవ్వలకు అన్యాయం గాని జాగ చూపించు. మళ్ల లొల్లి అయితె నల్లా వేరే కాలనీకి పంపిస్త."

నాకు పండగే! కొలత గొలుసు పట్టించి కొలిచాను. బడి లైను (0, 0). ఎనిమిది గొలుసుల దూరాన గుడి లైను (8, 0). వాటి నడుమ కాస్త ఎగువన బాయి లైను (4, 2). మూడింటికీ సమాన దూరంలో ఉండే బిందువే పరివృత్త కేంద్రం. బడికీ గుడికీ సమానమంటే ఎక్స్ నాలుగు కావలసిందే. దూరాల వర్గాలు సమానం చేస్తే వై మైనస్ మూడు వచ్చింది. అంటే మూడు లైన్లకూ సరిగ్గా అయిదు గొలుసులు! ఆ (4, −3) ఎంత ముద్దొచ్చిందంటే, ఆ మైనస్ గుర్తు ఏదో చెప్పబోతున్నా నేను వినిపించుకోలేదు.

తెల్లారి ఆ చోటికి వెళ్తే, అది మూడు లైన్లకూ అవతల, తుమ్మపొదల్లో తేలింది. గొలుసు పట్టే మల్లయ్య కాక గుర్తుకు గూటం పాతుతూ గొణిగాడు.

"సారూ, గిది జాగనా? పాములుంటయి."

"లెక్క కాకా, లెక్క!"

అంతలో మూడు లైన్ల ఆడవాళ్లంతా ఒక్కటై నా మీదికొచ్చారు. ముందు బడి లైను పోశవ్వ, వాగు నుంచి తెస్తున్న నిండు బిందెతో.

"ఏంది సారూ, తుమ్మలల్ల నల్లానా?"

"అందరికీ సమానం అవ్వా. అయిదంటే అయిదు గొలుసులు."

"గట్లనా? అయితె గీ బిందె మా లైను దాక మొయ్యి."

మోశాను. మూడో గొలుసుకు చొక్కా తడిసింది, నాలుగో గొలుసుకు మెడ వంగింది, అయిదో గొలుసుకు డిగ్రీ రాలిపోయింది. వెనకే వచ్చిన పోశవ్వ అక్కణ్ణుంచి గుడి వైపు నడిచి, బడికీ గుడికీ సరిగ్గా నడుమ మట్టిలో ఒక పుల్ల గుచ్చింది.

"గీడ పెట్టు. మాకు నాలుగు, గుడోళ్లకు నాలుగు."

"మరి బాయి లైనోళ్లకు రెండేగా! సమానం ఎట్లవుతుంది?"

"వాళ్లకు రెండైతె నాకేం పోయింది? నాకు ఒకటి తగ్గె, గుడోళ్లకు ఒకటి తగ్గె, బాయోళ్లకు మూడు తగ్గె. అందరికి తగ్గినంక లొల్లెందుకు?"

లొల్లి నిజంగానే ఆగిపోయింది. ఏ పుస్తకమూ చూడని ఆ మనిషికి మనసులోనే దండం పెట్టుకున్నాను. ఇంజనీరు గారు వచ్చి, "జాగ మంచిగుంది, ఎవరు లెక్కగట్టిన్రు?" అన్నారు. పోశవ్వే అందుకుంది.

"సారే! బిందె మోసుకుంట లెక్కగట్టిండు."

అందుకే సర్వే గొలుసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: భుజాన నిండు బిందె లేకుండా, ఈ జన్మలో ఎవరికీ సమానత్వం లెక్కగట్టను.