చెంగయ్య తొక్కించిన మట్టి

చెంగయ్య మట్టిగోడలు పెట్టడంలో మొనగాడే గానీ, ఆయనకొక పిచ్చి ఉంది. పని జరిగే చోటికి ఎవరొచ్చినా సరే, గుంతలోకి దింపి మట్టి తొక్కించందే వదలడు. శ్రీకాళహస్తి చుట్టుపక్కల పెళ్ళిపత్రికలు పంచేవాళ్ళు కూడా ఆయన పనిచేసే వీధిని తప్పించుకు తిరిగేవాళ్ళు.

సుజన ఇంటి పని మొదలైన మూడో రోజు, మీటరు ఎక్కడ పెట్టాలో చూడడానికి కరెంటాఫీసు సునీల్‌కుమార్ వచ్చాడు.

“సార్, ప్యాంటు మడవండి.”

“నేను మీటరు కోసం వచ్చినానప్పా.”

“మీటరు యాడికీ పోదు. మన్ను నాని ఉండాది, దిగండి.”

గంట తర్వాత సునీల్‌కుమార్ మోకాళ్ళ దాకా మట్టితో, మీటరు సంగతే మరిచిపోయి బండెక్కాడు. మర్నాడు మళ్ళీ రావాల్సి వచ్చింది. మళ్ళీ తొక్కాడు. కాగితాలు చూస్తానని వచ్చిన పంచాయతీ సెక్రటరీ రూపశ్రీ, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఫోనులో పై ఆఫీసుకు జవాబులు చెబుతూ తొక్కింది.

సుజనకు నవ్వొచ్చేది. నవ్వినందుకు వెంటనే సిగ్గేసేది. భర్త యోగానంద పోయి అప్పటికి మూడు నెలలే. ఎండాకాలం పెనంలా కాలే సిమెంటు ఇల్లు వద్దని, బావి తవ్విన మన్ను తెచ్చి, తనే జల్లించి కుప్పపోసి, ఒక్క గోడైనా లేవకముందే గుండె ఆగి పోయాడు. వానలొస్తే ఆ కుప్ప కొట్టుకుపోతుందని సుజన పని మొదలుపెట్టింది. చావు జరిగిన ఇంట ఏడు తిరక్కుండా ఇల్లు కట్టకూడదన్నారు అత్తింటివాళ్ళు. ఆమె వినలేదు. ఆ ఇంటికి మేం రామని వాళ్ళు తేల్చేశారు. ముగ్గు పోసిన రోజు ఆమె పక్కన చెంగయ్య, ఆయన భార్య మునిరత్నమ్మ, ఇద్దరు కూలీలు తప్ప ఎవరూ లేరు. ఇల్లయితే లేస్తుంది, అందులోకి ఎవరొస్తారన్నదే సుజన దిగులు.

గోడలు నడుమెత్తు లేచాక మరిది అమర్‌నాథ్ నాయుడుపేట నుంచి వచ్చాడు.

“వదినా, జనం ఏమనుకుంటా ఉండారో తెలుసా? అన్న పోయి ఏడు కూడా తిరగలేదు.”

సుజన నోరు తెరిచేలోగా చెంగయ్య అడ్డొచ్చాడు.

“కోపంగా ఉండావు, మంచిదే. కోపంలో ఉన్నోళ్ళు బాగా తొక్కుతారు. దిగు నాయనా.”

“నేను పని ఆపేదానికి వచ్చినాను.”

“ఆపుదువులే. ఇదొక్కటీ తొక్కేసి ఆపు. మీ అన్న జల్లించిన మన్ను, ఊరికే ఎండబెట్టకూడదు.”

అమర్‌నాథ్ ఆ మన్ను కుప్ప వైపు చూసి చెప్పులు విప్పాడు. గుంతలో పది అడుగులు వేసేసరికి మొహం పక్కకు తిప్పుకున్నాడు. చావునాడు బిగబట్టుకున్నదంతా అప్పుడు బయటపడింది. ఏడుస్తూనే తొక్కాడు. గట్టు మీద కూర్చుని సుజనా ఏడ్చింది. చెంగయ్య మాత్రం “ఆ మూల తొక్కలేదు సూడు” అని అదిలిస్తూనే ఉన్నాడు. పని ఆపే మాట అమర్‌నాథ్ మళ్ళీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం, అమర్‌నాథ్ తొక్కిన మట్టిలోనే నీళ్ళు పోసి మునిరత్నమ్మ మళ్ళీ తొక్కుతోంది.

“మళ్ళా ఎందుకక్కా?” అంది సుజన.

“వాళ్ళు తొక్కింది గోడకేం పనికొస్తాది పాపా? అంతా గడ్డలే. వచ్చినోళ్ళు తొక్కిందంతా దినామూ మేమే మళ్ళా తొక్కేది.”

“మరి వాళ్ళచేత తొక్కించేది ఎందుకు?”

“యాడైనా ఇంతే చేస్తాడు, ఈడ ఇంకా ఎక్కువ. ముగ్గు పోసిననాడు నువ్వు ఒక్కదానివే నిలబడుంటే సూసి, ఆయన ఆ పూట కూడు తినలేదు. ఒకసారి తొక్కినోళ్ళు తమ గోడ సూసుకునేదానికి మళ్ళా వస్తారంట. ఆయన ఆలోచన అది. నా కాళ్ళు ఏమైతే ఎవురికి పట్టింది?”

పైకప్పు వేయడం కూడా అయింది. సంవత్సరీకం అయిన వారానికి, ఎవరినీ పిలవకుండా, సుజన అర లీటరు పాలు తెచ్చుకుని కొత్త ఇంట్లో పొయ్యి మీద పెట్టింది. పాలు పొంగేలోపే సునీల్‌కుమార్ పెళ్ళాం బిడ్డలతో దిగాడు. రూపశ్రీ వచ్చింది. అమర్‌నాథ్ వాళ్ళమ్మను కూడా వెంటబెట్టుకొచ్చాడు. వచ్చీ రాగానే పడమటి గోడ నాదంటే నాదని మగవాళ్ళిద్దరూ వాదానికి దిగారు. చెంగయ్య ఏమీ ఎరగనట్టు పైకప్పు చూస్తున్నాడు.

“వదినా, నువ్వే చెప్పు. ఇది నేను తొక్కిందే కదా?”

సుజన మునిరత్నమ్మ కాళ్ళ వైపు చూసింది.

“నీదే అమరా,” అంది. సునీల్‌కుమార్ మొహం చిన్నబోవడం చూసి, “కింద సగం మీది సార్,” అని కూడా అంది.

తర్వాత కళ్ళు తుడుచుకుని, ఇంకో రెండు లీటర్ల పాలు తెమ్మని మరిదిని పంపింది.