కిర్రుమన్న కుర్చీ

మా బావకి కళ్ళకన్నా చెవులు ముందు పనిచేస్తాయి. సైకిలు ఇంకా వీధి మలుపులో ఉండగానే, షాపులో కూర్చునే, "వెనక చక్రం బేరింగు పోయింది, గొలుసు కూడా వదులైంది" అని చెప్పేస్తాడు. సైకిళ్ళ గిరాకీ తగ్గాక ఆసుపత్రుల స్ట్రెచర్లు, చక్రాల కుర్చీలు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. ఎవరైనా మెచ్చుకుంటే వినయం నటించే అలవాటు ఆయనకి లేదు. "చప్పుడు వస్తోందంటే దాని మీద నా చెయ్యి పడలేదన్నమాట" అంటాడు. వింటుంటే ఒళ్ళు మండుతుంది గానీ, ఆ మాటలో అబద్ధం లేదు.

అంతటి మనిషి ఇంటి గేటు మాత్రం ముప్పై ఏళ్ళుగా కిర్రుమంటూనే ఉంది. బావమరిదిని కదా, నేను ఊరుకుంటానా? వెళ్ళినప్పుడల్లా దెప్పుతాను. "మీ అక్కనడుగు. నూనె డబ్బా తీస్తే చాలు, దాని జోలికి వెళ్ళకండి అంటుంది. ఎందుకంటే చెప్పదు" అని విసుక్కుంటాడు. మా అక్క నవ్వి ఊరుకుంటుంది.

ఆయనకి ఇంకో పద్ధతి ఉంది. ఏ బండిలోంచి ఏ ముక్క తీసినా మూడు రోజులు పారెయ్యడు. చిన్న కాగితంలో చుట్టి, ఎవరిదో రాసి, రేకు డబ్బాలో దాస్తాడు. కొత్తది బిగించాక మనిషికి నప్పకపోతే పాతది మళ్ళీ పెట్టాలి, అది ఆయనకి పని నేర్పిన మేస్త్రీ పెట్టిన నియమం. ఆ మేస్త్రీ పోయి ఇరవై ఏళ్ళయింది. పాతది మళ్ళీ పెట్టమని అడిగినవాడు మాత్రం ఇంతవరకూ ఒక్కడూ లేడు.

మా ఊరి ఆసుపత్రి డాక్టరమ్మగారు ఏటా పదిమందిని వెంటబెట్టుకుని పరాయి దేశం వెళ్ళి, అక్కడి బడుల్లోనూ వృద్ధాశ్రమాల్లోనూ పది రోజులు సేవ చేసి వస్తుంటారు. నిరుడు ఆవిడ కంటికి ఒక సంగతి ఆనింది. దాతలు పంపిన చక్రాల కుర్చీలు ఎక్కడికక్కడ మూలన పడి ఉన్నాయి, బాగుచేసేవాడు లేక. అందుకని ఈసారి మా బావని అడిగారు. ఇంగ్లీషు ముక్కలు నాలుగు వచ్చుగనక నన్ను కూడా రమ్మన్నారు. బడి గుమాస్తాగా రిటైరైనవాణ్ణి, చిట్టా రాయడానికి నాకన్నా తేరగా ఎవరు దొరుకుతారు?

విమానం దిగాక ఒక అధికారి బావ పెట్టె తెరిపించాడు. రేకు డబ్బా మూత తీసి, లోపల అరిగిపోయిన వాషర్లూ మరలూ చూసి, ఆయన వంక జాలిగా చూసి వదిలేశాడు.

మొదటి వారమంతా బడులే. ఒక బడిలో పదేళ్ళ పిల్ల కుర్చీకి బ్రేకు పట్టేసి, చక్రం సగమే తిరుగుతోంది. ఇద్దరు తోస్తే గానీ ఆ పిల్ల తరగతికి చేరేది కాదు. బావ ముప్పావుగంట కింద కూర్చుని, బ్రేకు విప్పి మళ్ళీ బిగించి, "తిప్పుకో తల్లీ" అన్నాడు. ఆ పిల్లకి తెలుగు రాదు, అయినా అర్థమైంది. ఒక్కతే ఆవరణ చుట్టూ నాలుగు చుట్లు తిరిగింది. టీచరు మూడుసార్లు పిలిస్తే గానీ లోపలికి రాలేదు. ఆ రోజు బావతో మాట్లాడ్డం ఎవరివల్లా కాలేదు, మనిషి భూమ్మీద ఆనలేదు.

ఆఖరి మజిలీ వృద్ధాశ్రమం. పొడవాటి నడవ, నున్నటి గచ్చు, గోడల పొడుగునా పట్టుకోవడానికి కర్ర కమ్మీలు, రెండు పక్కలా గదులు. మొత్తం పంతొమ్మిది కుర్చీలు, ఒక్కటే రోజు. బావ వరండాలో చాప పరిచి పనిలోకి దిగాడు. డాక్టరమ్మగారు గంటకోసారి వచ్చి "ఎన్నయ్యాయి?" అని అడుగుతుంటే, ఆ తొందరలో కాగితాలు చుట్టడం మానేసి, తీసిన వాషర్లన్నీ డబ్బాలో గుమ్మరించాడు. ఆయన పద్ధతి తప్పడం నేను చూసింది అదే మొదటిసారి. సాయంత్రానికి పంతొమ్మిది కుర్చీలూ వెన్నలో తిరిగినట్టు తిరిగాయి. నర్సు నడవ మధ్యలో నిలబడి చెవులు రిక్కించి, "ఈ ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు" అంది. నేను తెలుగులో చెప్పగానే బావ మీసం దువ్వుకున్నాడు.

మర్నాడు పొద్దెక్కాక వీడ్కోలు చెప్పడానికి వెళ్ళాం. మధ్యాహ్నం రెండింటికి మా బస్సు. నర్సు గుమ్మంలోనే ఎదురొచ్చింది. మొహం వేలాడేసుకుని ఉంది. "మీ మెకానిక్కు ఒకసారి లోపలికి రావాలి" అంది.

నడవకి ఈ చివరి గదిలో ఒక పెద్దావిడ ఉంటుంది. చూపు మసక, మంచం దిగే ఓపిక లేదు. ఆ చివరి గదిలో ఆవిడ భర్త ఉంటాడు. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది, మాట కూడా పోయింది. రోజూ పొద్దున ఆయన కుడిచేత్తో చక్రం తిప్పుకుంటూ ఆవిడ దగ్గరికి వస్తాడు. ఆయన కుర్చీ నడవ పొడుగునా కిర్రు కిర్రుమంటుంది. ఆ కిర్రు వినబడగానే ఆవిడ తల దువ్వుకుని, పళ్ళసెట్టు పెట్టుకుని, దుప్పటి సర్దుకుని సిద్ధంగా ఉంటుంది.

ఆ పొద్దున కిర్రు లేదు. ఆవిడ బోసినోటితో, చెదిరిన జుట్టుతో పడుకుని ఉండగా, ఎవరిదో చెయ్యి చెంప మీద పడింది. ఆవిడ కెవ్వుమని కేకేసి, చాచి కొట్టింది. పెద్దాయన కుర్చీ తిప్పుకుని వెళ్ళిపోయాడు. తన గదిలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తిండి ముట్టుకోలేదు, ఎవరెన్ని చెప్పినా కదల్లేదు.

నేనిదంతా తెలుగులో చెబుతుంటే బావ మొహం చూడలేకపోయాను. మేం పెద్దావిడ మంచం దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఏదో అంది. నర్సు ఇంగ్లీషులో, నేను తెలుగులో.

"ఆయనొచ్చేది నాకు తెలిసేది. ఇప్పుడు దొంగలా వస్తాడు. నేను కొట్టింది దొంగ అనుకుని కొట్టాను, ఆయన్ని కాదు. వెళ్ళి చెప్పినా నమ్మట్లేదట. నా చప్పుడు నాకు తెచ్చిపెట్టమను."

"ఇంకో చప్పుడేదైనా పెడితే? ఒక గంట కట్టినా సరిపోతుంది కదా" అన్నాను నేను, తెలివి చూపించుకుంటూ.

"నీకు మీ ఆవిడ బదులు ఇంకో ఆవిడ గొంతు వినిపిస్తే సరిపోతుందేంట్రా?" అన్నాడు బావ.

పెద్దాయన్ని మంచం మీదికి మార్చి, కుర్చీ నడవలోకి, పెద్దావిడ గుమ్మం ముందుకి తెచ్చారు. బావ డబ్బా గచ్చు మీద బోర్లించాడు. ముప్పైకి పైగా వాషర్లు, అన్నీ ఒకే రంగు, ఒకే సైజు. టైము పన్నెండున్నర. ఒక్కోటి బిగించి చూడాలంటే రాత్రయినా తెమలదు. మేస్త్రీ నియమం తప్పినందుకు తనని తానే తిట్టుకున్నాడు, మా తాతలకి కూడా తెలియని తిట్లతో.

తర్వాత ఉన్నట్టుండి ఆగాడు. "ఈయన తోసేది కుడిచేత్తోనే కదూ?" అన్నాడు.

"అవును."

"ఒంటిచేత్తో తోస్తే బండి ఒక పక్కకే లాగుతుంది. రోజూ సరిచేసుకుంటూ రావాలి. అలాంటి బండిలో వాషరు చుట్టూ అరగదు, ఒక వైపే అరుగుతుంది." వాషర్లని ఒక్కొక్కటే గోటితో తడిమి చూడ్డం మొదలుపెట్టాడు. మూడు విడిగా పెట్టాడు. ముందు చక్రం విప్పి, గ్రీజంతా కిరోసిన్ గుడ్డతో తుడిచి, మొదటిది బిగించి తోశాడు. గరగరమంది. గదిలోంచి ఒక్క ముక్క వినబడింది. దానికి అనువాదం అక్కర్లేకపోయింది. రెండోది బిగించాడు. మళ్ళీ అదే మాట.

బయట డాక్టరమ్మగారు, "బస్సొచ్చేసిందండీ" అన్నారు.

"ఆగుతుందమ్మా" అన్నాడు బావ, తల ఎత్తకుండా.

మూడోది బిగించి తోశాడు. కిర్రు, చిన్న విరామం, కిర్రు.

గదిలోంచి మాట రాలేదు. తొంగి చూశాను. పెద్దావిడ చెయ్యి తలగడ పక్కన దువ్వెన కోసం వెతుకుతోంది.

బావ చక్రం పట్టుకుని గట్టిగా ఊపి, బండికి ప్రమాదం లేదని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. కుర్చీని తనే తోసుకుంటూ నడవ ఆ చివరికి వెళ్ళాడు. ఆ కిర్రు దగ్గరికి వస్తుంటే గోడవైపు తిరిగి ఉన్న పెద్దాయన తల తిప్పాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆయనే కుడిచెయ్యి చాపాడు, కుర్చీలోకి ఎక్కించమని. తర్వాత నడవ పొడుగునా మెల్లగా వచ్చాడు. భార్య గుమ్మం దగ్గర ఆగి, లోపలికి వెళ్ళకుండా, కుర్చీని ముందుకీ వెనక్కీ రెండుసార్లు కదిపాడు. కిర్రు, కిర్రు. లోపల్నించి ఆవిడ ఏదో అంది, కోపంగా. నర్సు ఫక్కున నవ్వి కళ్ళు తుడుచుకుంది. "ఇంత ఆలస్యమా అంటోంది" అని చెప్పింది. సిగ్గెందుకు, ఏడ్చాను.

బావ కుర్చీ వెనక ఒక అట్టముక్క కట్టించాడు, నూనె వెయ్యకూడదని వాళ్ళ భాషలో నర్సు చేత రాయించి. చిట్టాలో ఆశ్రమం పేరు కింద ఏం రాయమంటావని బస్సులో అడిగాను. "బాగుచేసినవి పంతొమ్మిది అని రాయి" అన్నాడు. "ఒకటి మళ్ళీ పాడుచేశావు కదా" అన్నాను. "అది రెండుసార్లు బాగుచేశాను" అన్నాడు. మళ్ళీ పాత మనిషే.

విమానం దిగి, మర్నాడు ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగు. బావ గేటు తోశాడు. కిర్రుమంది. లోపల వంటగదిలో స్టవ్ వెలిగించిన చప్పుడు, ఆ వెంటనే గిన్నె పెట్టిన చప్పుడు. బావ అడుగు ముందుకి వెయ్యలేదు. చేతిలో పెట్టె అలాగే పట్టుకుని, నా వంక చూశాడు. ముప్పై ఏళ్ళుగా కాళ్ళు కడుక్కునేసరికి టీ ఎలా సిద్ధంగా ఉంటోందో ఆయనకి అప్పుడు తెలిసింది. గేటు పట్టుకుని ముందుకీ వెనక్కీ రెండుసార్లు ఊపాడు.

"వినబడింది లెండి" అంది మా అక్క లోపల్నించి. "తమ్ముడు కూడా ఉన్నాడా, ఇంకో కప్పు పొయ్యమంటారా?"