చివరి బెంచీ దాకా అమ్మోనియా

పాఠం పుస్తకంలో ఉంటే చాలు, బుర్రలోనూ ఉన్నట్టేనని నేను గట్టిగా నమ్మిన రోజులవి. అరవైల్లో, మాచర్ల దగ్గర ఒక హైస్కూల్లో కొత్తగా చేరిన సైన్సు టీచరమ్మని. బీయెస్సీ పట్టా పొగరు ఇంకా దిగలేదు (జీతం చూశాక కూడా దిగలేదంటే చూడండి!). ఉద్యోగం మాత్రం ఖాయం కాలేదు. ఇన్‌స్పెక్టరు గారు నా పాఠం విని బాగుందని రాస్తే ఉంటాను, లేకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి పోతాను.

ఆయన ఒంటిపూట బళ్ల రోజుల్లో, ఎండ చుర్రుమంటున్నప్పుడు వచ్చారు. భారీ మనిషి. చివరి బెంచీలో ఎలాగో ఇరుక్కుని, "కానివ్వమ్మా" అన్నారు. వాయువుల పాఠం మొదలెట్టాను. ఒకే ఉష్ణోగ్రతలో ఏ వాయువు అణువులకైనా సగటున ఒకే గతిజశక్తి ఉంటుందనీ, అందుకే తేలికవి వేగంగా, బరువైనవి నెమ్మదిగా పోతాయనీ చెప్పాను. వేడి పెరిగితే అన్నిటికీ శక్తి పెరుగుతుందని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. "ఇప్పుడు అమ్మోనియా సీసా తెరుస్తాను. వాసన అందినవాళ్లు చెయ్యెత్తండి" అన్నాను.

ఆ సీసా పొద్దుటి నుంచీ కిటికీలో ఎండకు కాగుతోంది. గుమ్మంలోంచి అటెండరు బాబాయి గొంతు తగ్గించి, "అమ్మాయ్, సీసా చానా కాగింది. కాసేపు నీళ్ల తొట్లో పెట్టి తియ్యమ్మా" అన్నాడు. "నాకు తెలుసులే బాబాయ్" అన్నాను. (ఏం తెలుసో ఆ దేవుడికే తెలియాలి.)

బిరడా కొంచెం కదిపానో లేదో, టప్పుమని ఎగిరి పైకప్పుకు తగిలింది. చెయ్యెత్తినవాడు ఒక్కడూ లేడు. అందరూ ముక్కులు మూసుకుని బయటికి పరుగు. వెనక గుమ్మంలోంచి అందరికంటే ముందు దూకింది ఇన్‌స్పెక్టరు గారే.

ఆవరణలో ఆయన కండువాతో కళ్లు తుడుచుకుంటుంటే, మా ముందు బెంచీ పొట్టిపిల్ల ఊరుకోకుండా, "టీచర్, బరువైనవి నిదానంగా పోతాయన్నారు గదా, అయ్యగారు అందరికంటే ముందు ఉరికారేంది?" అంది. నా ఉద్యోగానికి అక్కడికక్కడే నీళ్లొదిలేశాను. ఆయన ఎర్రటి కళ్లతో దాన్నీ, నన్నూ చూసి, "వేడి పెరిగింది గదమ్మా, శక్తీ పెరిగింది" అన్నారు. రిపోర్టులో ఒక్క ముక్కే రాశారు: 'పాఠం చివరి బెంచీ దాకా చేరింది.'

అలా ఖాయమై, రిటైరయ్యేదాకా అదే పాఠం చెప్పాను. బాబాయికి మాత్రం తప్పయిందని చెప్పలేదు. మొదట్లో సిగ్గు, తర్వాత ఆయన లేడు. వేసవిలో ఏ సీసా మూత తీయాలన్నా ముందు నీళ్లలో పెడతాను. పెట్టి, "నాకు తెలుసులే బాబాయ్" అంటాను. ఇప్పుడు నిజంగానే తెలుసు.