జాకీ మీద బిగించిన బోల్టులు

మా జీపు ముందు వైపు ఇనుప పట్టీల కమాన్ కట్టలు వేయించిన ఆ వారం రోజుల్లో తాగినన్ని చాయ్‌లు నేను జన్మలో తాగలేదు. నోరు తెరిస్తే చాలు, మెకానిక్ నా చేతిలో చాయ్ గ్లాసు పెట్టించేవాడు. "కూసో అక్కా, చాయ్ తాగు. నేను అన్నతోని మాట్లాడుత."

అన్న అంటే మా ఆయన. వెన్నుకు ఆపరేషనై, అశోక్‌నగర్‌లో మా మూడో అంతస్తులో నాలుగు నెలలుగా మంచం మీదున్నాడు. జీపు నడిపేది నేను. వికారాబాద్ వైపు మా మామిడి తోటకు రాళ్ల బాటలో పోయొచ్చేదీ నేనే. ఆ బాటలో ముందు స్ప్రింగులు రెండుసార్లు విరిగాయి. పాత జీపులకున్నట్టు కమాన్ కట్టలు వేయిద్దామన్నాను. ఆయన ఒక్కటే అడిగాడు: "మరి నేను కూసుండొచ్చా అండ్ల?" మెత్తగా ఊగితే పరవాలేదు, కుదుపులు మాత్రం తగలకూడదని డాక్టరు చెప్పాడు. తోట చూడాలని ఆయనకు ఒకటే తహతహ. నా భయమంతా ఆ వెన్ను గురించే.

పని అయిపోవచ్చిందంటే నారాయణగూడ సందులోని షెడ్డుకు వెళ్లాను. జీపు ఇంకా జాకీల మీదే ఉంది. ముందు చక్రాలు గాల్లో ఉన్నాయి. మెకానిక్ కమాన్ చివరి బోల్టులు పానాతో బిగిస్తున్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

మా నాన్న మహబూబ్‌నగర్‌లో లారీలకు కమాన్లు చేసేవాడు. కొలిమి పక్కన అన్నం తిని పెరిగినదాన్ని. కమాన్ చివర్లలో బోల్టుల చుట్టూ రబ్బరు బుష్‌లుంటాయి. బండి కిందికి దిగి, దాని బరువు పట్టీల మీద పడ్డాకే ఆ బోల్టులు బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు అక్కడే పట్టేసుకుంటుంది. ఇక కమాన్ ఊగదు, ఎద్దుబండిలా ఎత్తి కుదేస్తుంది.

అదే చెప్పాను. "తాతకు దగ్గులు నేర్పుతున్నవా అక్కా?" అని నవ్వాడు. వెంటనే మా ఆయనకు ఫోన్ కొట్టాడు. "అన్నా, అక్క జర పరేషాన్ అయితున్నది, నువ్వు చెప్పరాదే." ఫోన్ నా చేతికొచ్చింది. "వాళ్ల పని వాళ్లను చేయనియ్యవు గదా నువ్వు," అన్నాడు మా ఆయన. అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి వెన్ను కోసం నేను మొత్తుకుంటున్నానో ఆయనే నా నోరు మూయిస్తాడా!

బండి తీసుకుని చిక్కడపల్లి దాకా వచ్చాను. మొదటి స్పీడ్ బ్రేకర్‌కే నా తల పైకప్పుకు తగిలింది. పక్క సీట్లో పెట్టిన ఆయన మందుల సంచి ఎగిరి కిందపడింది. అక్కడే బండి తిప్పాను.

షెడ్డులో ఎవర్నీ ఏమీ అడగలేదు. చున్నీ నడుముకు చుట్టి, పానా తీసుకుని, నేల మీదున్న జీపు కిందికి దూరాను. "అక్కా, అక్కా" అని మెకానిక్ మొత్తుకుంటూనే ఉన్నాడు. ఒకసారి పానా జారి వేళ్ల తోలు లేచింది. చివరి బోల్టు వదులు చేయగానే బండి ముందు భాగం కిర్రుమని రెండు వేళ్ల మందం దిగింది. అలాగే ఉంచి అన్నీ మళ్లీ బిగించాను. లేచి బంపర్ నొక్కితే మెత్తగా ఊగింది.

"నేను గూడ గట్లనే చేద్దామనుకున్న," అన్నాడు మెకానిక్.

ఒక చాయ్ తెప్పించి అతని చేతిలో పెట్టాను. "కూసో తాతా. దగ్గు తగ్గుతది."

ఆదివారం మా ఆయన గోడ పట్టుకుని మెట్లు దిగి, వీపు వెనక దిండు పెట్టుకుని జీపులో కూర్చున్నాడు. నారాయణగూడ ఫ్లైఓవర్ అతుకుల దగ్గర కళ్లు మూసుకుని పిడి గట్టిగా పట్టుకున్నాడు. కుదుపు తగల్లేదు. కళ్లు తెరిచాడు.

"మస్తు మెత్తగున్నది. మెకానిక్ పనిమంతుడే!"

పచ్చబడిన నా వేళ్లు స్టీరింగ్ మీదే ఉన్నాయి. పానా జారిన కథంతా విని, పొద్దున వాటికి పసుపు అద్దింది ఈ మనిషే. ఫ్లైఓవర్ దిగగానే బండి ఆపేశాను.

"ఎవరు పనిమంతులు?"

వెనక ఆటోలు, ఆ వెనక బస్సు, ఒకటే హారన్లు. "నడిరోడ్డు మీద ఏందిది? పోనియ్యి," అన్నాడు.

"ఎవరు?"

ఆయన నా వేళ్ల వైపు చూశాడు. "నువ్వే," అన్నాడు మెల్లగా.

"హారన్లల్ల వినొస్తలేదు. గట్టిగ చెప్పు."

గట్టిగా చెప్పాడు. అప్పుడు గేరు వేశాను.