ఒలకని గ్లాసు

మంచుకొండల్లో పద్దెనిమిది వేల అడుగుల ఎత్తునున్న మిలటరీ పోస్టుకి అక్టోబరులో చేరేను. కంచరగాడిదలు ఆగిపోయిన చోటి నుంచి నాలుగు రోజుల నడక. వీపు మీద స్టవ్వు, కుక్కరు. నేను వంటవాణ్ణి. మొత్తం ఏడుగురం. అప్పటికి నాకు అక్షరం రాదు. అరవై దాటేక నేర్చుకుని రాస్తన్నాను, చోడవరంలో "ఆ మంచులో ఏటి చేసేవు తాతా" అని అడిగేవాళ్ళ కోసం.

డీజిలు జనరేటరు ఉండేది. దాని దడకి బంకరులో కంచాలు మోగేవి. కంచాలు మోగితే కరెంటున్నట్టు. మాకదే మీటరు.

నవంబరులో ఇద్దరు ఇంజనీర్లు హెలికాప్టరులో కొత్త ఇంజను తెచ్చేరు. స్టిర్లింగ్ ఇంజనట. దాని లోపల మంట ఉండదు. బయట కిరసనాయిలు పొయ్యి ఒక కొసని కాలుస్తాది, రెండో కొస చల్లగా ఉంటాది. లోపల బిగించిన గ్యాసు ఉబ్బుతా ముడుచుకుంటా పిస్టన్లని ఆడిస్తాది. రెండు పిస్టన్లు ఎదురెదురుగా కదిలి, ఒకదాని కుదుపుని ఇంకోటి మింగేస్తాది. అంతరిక్షానికి పంపే రకం అన్నారు. అది చేసే కరెంటు బ్యాటరీలోకి ఎక్కితే, బల్బూ రేడియో దాంతోనే. చల్లటి కొస మీద స్టీలు గ్లాసు పెట్టి అంచుదాకా నీళ్ళు పోసేరు. చుక్క ఒలకలేదు. చప్పట్లు, ఫొటోలు.

"పొయ్యి నీ పనే కదా, ఇదీ నువ్వే చూసుకో. మేమొచ్చేదాకా గ్లాసు తియ్యకు."

గంట కూడా లేరు. పాత జనరేటరుని ఎక్కించుకుపోయేరు.

రేడియో ఆపరేటరుది మా చోడవరం దగ్గరి రావికమతం. రోజూ పొద్దున్నే అరిచేవాడు.

"బావా, నడుస్తందా?"

"మంట ఉంది కదరా, నడవక సస్తాదా?"

"సప్పుడే లేదు మరి!"

"సప్పుడు సెయ్యకపోడమే దాని గొప్పరా ఎర్రోడా!"

నవ్వుకున్నాం.

ఇంజనీర్లెళ్ళిన నాలుగోరోజు ఉదయం ఏడింటికి సెంట్రీ కూలబడ్డాడు. నా చేతి చారు గ్లాసులకి గ్లాసులు తాగే మనిషి. గొంతులో గురగుర, పెదాల మీద నురగ. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. హెలికాప్టరు వస్తేనే బతుకుతాడు. బయట ఎండ, ఈదురుగాలి కూడా లేదు; రేడియోలో పిలిస్తే చాలు, వచ్చేస్తాది.

"బావా, సెట్టు సచ్చింది! బ్యాటరీలో ఏటీ లేదు!"

పరిగెత్తేను. పొయ్యి మండతంది. ఇంజనుకి చెవి ఆనించేను, లోపల పిస్టన్లాడే సన్నటి రొదయినా వినపడాల. ఏటీ లేదు. ఎప్పుడాగిందో దేవుడికెరుక. ఇన్నాళ్ళూ బల్బు వెలిగింది బ్యాటరీలో మిగిలినదానితో.

స్ట్రెచరు మీద కింద పోస్టుకి మోసుకెళ్ళేం. ఒంటిగంటకి దారిలోనే పోయేడు.

తరవాత ఆ ఇంజనీర్ల దగ్గర్నుంచి 'కుదుపు లేదు, పరీక్ష నెగ్గింది' అని రిపోర్టు వచ్చింది. మా కెప్టెను చదివి నేల మీద ఉమ్మేడు. నా మొహాన ఉమ్మాల్సింది. వంటోడి బుద్ధి నాది. పొయ్యి మండితే కూడు ఉడికినట్టే.

ఇంటికొచ్చేక, చెరుకుతోటలో మోటారు గడగడలాడతన్నా చెయ్యేసి చూస్తాను. మొన్న పేపర్లో కుదుపులేని ఇంజన్లని మెచ్చుకుంటా రాసేరు. పేపరు మడిచి అవతల పడేసేను.

ఆవేళ శవాన్ని అప్పజెప్పి పైకి తిరిగొచ్చేసరికి గ్లాసు అక్కడే ఉంది. అంచుదాకా నీళ్ళు, గడ్డకట్టి. ఒక్క చుక్క ఒలకలేదు.